టీ నీళ్లు

టీ నీళ్లు కాచుటయు నొక విషయమా, దానిని గుఱించి పత్రికలో వ్రాయుట యెందులకని మా సోదరీమణులు నవ్వుకొనవచ్చును. చెంబెడు నీళ్లు గిన్నెలో పోసి పొయ్యిమీద పెట్టినచో అవియే కాగును గదా! మేమును మొన్నమొన్నటివఱకు అట్లే తలంచుచుంటిమి. కాని పోయిన చలికాలమున మా యింట ఆ చెంబెడు నీళ్ల మూలముగ జరిగిన సంగతి తలంపునకు వచ్చినపుడెల్ల మాకిప్పటికిని గుండె దడదడలాడుచున్నది. తప్పు మాది గనుక దాచక వ్రాయుచున్నాము.

మా అత్తగారికిపుడు ఎనుబదిరెండవ యేడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచుట వారికి అరువది యేండ్ల యలవాటు. మా మామగారు బెజవాడలో రైల్వే కొలువు చేసిరి. ఐదు గంటలకెల్ల డ్యూటీలో నుండవలసిన దినములు తఱుచు వచ్చుచుండుటచే, నాలుగున్నరకు వారి చేతిలో టీ గ్లాసు పెట్టుట మా అత్తగారి మొదటి పనియయ్యెను. ఆయన కొలువు మానినను, పిమ్మట కాలము చేసినను ఆమె లేచు వేళ మాత్రము మాఱలేదు. పిల్లలు లేవకముందు, పాలవాడు రాకముందు, వీధియరుగుమీద గూర్చుండి ఆ గ్లాసెడు టీ త్రాగుదురు. దినమంతటిలో తనదియని చెప్పుకొనుటకు ఆమెకున్నది ఆ యొక్క ఘడియయే. ఇది మాకు తరువాత తెలిసినది.

ఆమె కాపురమునకు వచ్చినది 1961లో. అపుడు రైల్వే క్వార్టరులో బొగ్గుల కుంపటి. పిడక తునకమీద నాలుగు చుక్కలు కిరసనాయిలు వేసి, పైన బొగ్గులు పేర్చి, విసనకఱ్ఱతో విసరగా విసరగా పావుగంటకు గాని నిప్పు కణకణలాడదు. ఆపైన గిన్నె పెట్టినచో నీళ్లు తెరలుటకు మఱి పది నిమిషములు. “టీ కోసమని కుంపటి ఎవరు రాజేస్తారే అమ్మాయీ? పప్పు కోసం రాజేసిన కుంపటి మీద ముందు టీ పడేసుకునేవాళ్లం” అని ఆమె చెప్పుచుందురు. ఒక నిప్పుతో నాలుగు పనులు జరుపుకొనుట నాటి గృహిణుల నేర్పు. గది తలుపులు మూసి కుంపటి పెట్టుకొనరాదనియు వారికి తెలియును. రగులుచున్న బొగ్గునుండి వెలువడు కార్బను మోనాక్సైడు అను విషవాయువునకు వాసన లేదు, రంగు లేదు. చలికి కుంపటి పక్కన పెట్టుకొని పండుకొనినవారు మరల లేవకపోవుటకు కారణ మదియే.

పిమ్మట వచ్చినది పంపు స్టౌ. 1892లో స్వీడను దేశమున లిండ్‌క్విస్టు అనునాతడు కల్పించిన ప్రైమసు స్టౌ వంశమునకే యిది చెందినది. పంపు కొట్టగా గాలి యొత్తిడికి కిరసనాయిలు పైకెక్కి, కాగిన గొట్టములో ఆవిరియై, సన్నని బెజ్జమునుండి వెలువడి నీలిమంటగా మండును. పొగ లేదు, మసి లేదు. కాని రొద చెప్పనలవి గాదు. బెజ్జము మూసికొనిపోయినచో పిన్నుతో పొడువవలెను. మా పుట్టినింటను అదియే యుండెడిది. దాని మంట తగిలి మా తల్లి చీరచెంగున పడిన చిల్లి మాకిప్పటికిని కండ్లయెదుట నున్నది. ఆ కాలపు వార్తలలో “స్టౌ పేలి కోడలు మృతి” యను మాట తఱుచు కనబడెడిది. నిజముగ పేలిన స్టౌలెన్నియో, ఆ మాట చాటున దాగిన నేరములెన్నియో! అత్తవారింట పంపు స్టౌ లేదని విని మా తల్లి ఊపిరి పీల్చుకొనుట మేమెఱుగుదుము.

ఏలనగా 1988లో మేము కోడలిగ వచ్చునప్పటికే యిచ్చట గ్యాసు పొయ్యి వచ్చి నాలుగేండ్లైనది. పేరు నమోదు చేసికొని యేండ్లతరబడి యెదురుచూచిన పిమ్మట దొరకిన సిలిండరట! దేశమున వంటగ్యాసు 1955లో బొంబాయిలో మొదలైనను, పల్లెటూళ్ల బీదయిండ్లలో ఊదుగొట్టము మూలబడుటకు 1999 నాటి దీపము పథకము, 2016 నాటి ఉజ్జ్వల పథకము రావలసివచ్చెను. మా అత్తగారు తన పొయ్యిని కన్నబిడ్డకు ఒడలు తుడిచినట్లు తుడిచెడివారు. ఆ పొయ్యినే ఆమెకు కాకుండ చేసితిమి.

రెండేండ్లనుండి ఆమెకు మఱపు హెచ్చినది. కుడిచేయి కొంచెము వణకును. ఒకనాటి తెల్లవారుజామున ఘాటైన వాసనకు మేము లేచి వంటయింటికి పరుగెత్తితిమి. పాలు పొంగి మంట నార్పివేసినవి. మీట తెఱచియే యున్నది. ఆమె అరుగుమీద గూర్చుండి టీ మరుగుటకై వేచియున్నారు. వంటగ్యాసు గాలికన్న బరువైనది గాన నేలబారున నిలిచిపోవును. దీపపు స్విచ్చి వేయబోయిన మా చేతిని మావారు పట్టుకొని యాపి, మీట కట్టి, తలుపులును కిటికీలును బార్లా తెఱచిరి. ఆ రాత్రి మొదలు నిద్రకు పోవుటకు ముందు సిలిండరు రెగ్యులేటరు కట్టివేయసాగితిమి. “అమ్మా, నువ్వింక పొయ్యి దగ్గరకి వెళ్లకు. టీ కావలిస్తే దీన్ని లేపు” అని మావారు చెప్పిరి. మాటలో కఠినమేమియు లేదు.

ఆమె మమ్ము లేపలేదు. నాలుగు దినములైన పిమ్మట, “టీ పడటం లేదే అమ్మాయీ, పైత్యం చేస్తున్నది. మానేశాను” అనిరి. మేము నమ్మితిమి. నమ్మితిమనుటకన్న, నమ్ముట మాకు సుఖముగ నుండెననుట సత్యము. నాలుగు గంటలకు లేవవలసిన పని తప్పినది గదా!

నెల దినములు గడచినవి. మార్గశిరపు చలిలో ఒకనాడు వేకువను వంటయింట ఫట్టుమని చప్పుడై, యింటి దీపములన్నియు ఆరిపోయెను. చేతిదీపముతో పోయి చూడగా, మా అత్తగారు గోడకానుకొని నిలిచియున్నారు. ఎదుట స్టీలు గిన్నెలో చెంబెడు నీళ్లు. ఆ నీళ్లలో స్నానపు బక్కెట్టులో వేయు హీటరు కడ్డీ! బక్కెట్టెడు నీళ్లలో గుర్తువఱకు మునుగవలసిన కడ్డీ, ఆ కొలది నీళ్లలో సగమైనను మునుగక, పైభాగము కాలి పగిలిపోయినది. గిన్నె లోహముది. మీటరు ప్రక్కన మావారు ముందటి యేడే పెట్టించిన చిన్న పరికరము, విద్యుత్తు దారితప్పి నేలకు పాఱగానే తనంత తాను ప్రవాహమును త్రుంచివేసినది. అది లేకున్నచో ఏమి జరిగియుండెడిదో వ్రాయుటకు మాకు చేయి రాదు.

“ఏమీ కాలేదే. కాసిని నీళ్లు వెచ్చబెట్టుకుందామని” అనిరి. ప్రక్కన టీపొడి డబ్బా మూత తీసియున్నది. పైత్యము మాట గుర్తునకు వచ్చి మేము తలయెత్తలేకపోతిమి.

హీటరు కడ్డీని గుఱించి యొక్క మాట. స్విచ్చి కట్టి, ప్లగ్గు తీసినదాక నీళ్లలో వ్రేలు పెట్టి చూడరాదు. లోహపు పాత్రలో వేయరాదు. అది స్నానపు నీళ్లకేగాని త్రాగు నీళ్లకు కాదు. హాస్టళ్లలోని పిల్లలు గ్లాసులో చిన్నకడ్డీ వేసి టీ కాచుకొందురని విందుము; తల్లులు తమ పిల్లలను ఈ విషయమున గట్టిగ నడుగవలెను.

ఆ దినము మొదలు మా యింట ప్రయోగములు సాగినవి. రాత్రి కాచిన నీళ్లు ఫ్లాస్కులో పోసియుంచితిమి. “నిన్నటి నీళ్లతో ఇవాళ టీయా?” అని ఆమె ముట్టలేదు, ముట్టినను ఆరేడు గంటలు నిలిచిన నీళ్లలో పొడి సరిగ దిగదు. పిమ్మట ఇండక్షను స్టౌ తెప్పించితిమి. దానిపైన మంట లేదు. అడుగునగల తీగచుట్టలోని విద్యుత్తు గిన్నె యడుగుననే వేడి పుట్టించును. గిన్నె తీసినచో ఆగిపోవును గాన క్షేమమే. కాని అయస్కాంత మంటుకొనని గిన్నె దానికి పనికిరాదు. ఆమెకు ప్రియమైన అల్యూమినియపు టీ గిన్నె పెట్టగానే అది కూతలు పెట్టసాగెను. పైగా దాని మీటలు మీటలు కావు, గాజుమీది బొమ్మలు. ఆమె యెండిన వ్రేళ్లతో నాలుగుసార్లు నొక్కినను అది పలుకలేదు. “నన్ను మనిషి కింద లెక్కపెట్టటం లేదే ఇది” అని నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

కట్టకడపట తెచ్చినది విద్యుత్తు కెటిలు, ముప్పాతిక లీటరు పట్టు చిన్నది. పెద్దవి నిండుగ నున్నపుడు వణకు చేతికి బరువు. మఱియు పదునైదువందల వాట్ల కెటిలు ఆఱు ఆంపియర్లకు మించి విద్యుత్తు లాగును గాన చిన్న ప్లగ్గు రంధ్రములలో పెట్టరాదు, పెద్దదానిలోనే పెట్టవలెను. మా చిన్నది వేయి వాట్లది. రెండు గ్లాసుల నీళ్లు రెండు మూడు నిమిషములలో తెరలించి, తనంత తానాగిపోవును. ఇట్లు తానేయాగు కెటిలును 1955లో ఇంగ్లండున రస్సెల్ హాబ్స్ వారు తెచ్చిరి. కిటుకు చిన్నది: నీళ్లు మరిగినపుడు ఆవిరి యొక దారిని పోయి, రెండు లోహములు కలిపి యతికిన రేకునకు తగులును. ఒక లోహము హెచ్చుగను, రెండవది తక్కువగను సాగుటచే రేకు వంగి స్విచ్చిని పడవేయును. అందుచేత మూత తెఱచియుంచినచో ఆవిరి అటు పోదు, కెటిలు ఆగదు. మూత వేయుట మఱవని విధమునకు మేము స్విచ్చి పైన పెద్ద యక్షరములతో “మూత” అని వ్రాసి యంటించితిమి.

కరెంటు బిల్లు పెరుగునని ఆమెకు దిగులు పట్టెను. మా యమ్మాయి కాగితము తీసికొని లెక్కవేసి చూపెను. లీటరు నీళ్లను 30 డిగ్రీలనుండి మరుగువఱకు తెచ్చుటకు కావలసిన వేడి యూనిట్టులో సుమారు పండ్రెండవ వంతు. ఆమెకు కావలసినది అందులో మూడవ వంతైనను లేదు. “నాయనమ్మా, నువ్వు నెలంతా కాచుకున్నా ఒక్క యూనిట్టు, అంతే” అనగా ఆమె నమ్మలేక మఱల లెక్క చెప్పించుకొనిరి.

ఇంతటితో కథ తీఱలేదు. మన యిండ్లలో టీ యనగా పాలు, నీళ్లు, పొడి, పంచదార కలిసి పొంగవలెను గదా! మొదటినాడు ఆమె అన్నియు కెటిలులోనే పోసిరి. పాలు పొంగి మూతిలోనుండి బల్లమీదికి వచ్చినవి, అడుగు మాడినది. కెటిలును నీళ్లలో ముంచి తోమరాదు గాన, మాడును తుడిచి తీయుటకు మాకు ఉదయమంతయు పట్టెను. మఱునాడు డికాక్షనులో చల్లని పాలు పోయగా టీ గోరువెచ్చనైనది. “ఇది టీ కాదే, కషాయం” అనిరి. ఇంకేమి చేయుదుమా యని మేము చింతించుచుండగా దారి ఆమెయే కనిపెట్టిరి. కెటిలు నీళ్లలో సగము పొడి వేసిన గ్లాసులో పోసి, మూత పెట్టి ఐదు నిమిషములుంచుట. మిగిలిన నీళ్లు గిన్నెలో పోసి, కాచిన పాల గ్లాసు అందులో నిలువబెట్టుట. టీ దిగునంతలో పాలును వెచ్చబడును. “పేరుకున్న నెయ్యి ఇలాగే కరిగించేవాళ్లం” అనిరి. ఆ టీ మాకును రుచించినది, కాని పొయ్యిమీద మరిగినదానికి సాటియని చెప్పజాలము.

మా బోరు నీళ్లకు కెటిలు లోపల నెలకే తెల్లని సున్నపు పొర కట్టును. నిమ్మరసము పిండిన నీళ్లు ఒకమాఱు మరిగించి, అరగంట యుంచి కడిగినచో పోవును. ఈ పని మాది. తక్కినదంతయు ఆమెది.

పోయిన నెలలో గాలివాన వచ్చి రాత్రియంతయు కరెంటు లేదు. తెల్లవారుజామున ఎవరో భుజము తట్టగా మేము లేచితిమి. చీకటిలో మా అత్తగారు, చేతిలో పాల గ్లాసు.

“అమ్మాయీ, కెటిలు పనిచెయ్యటం లేదు. లేచి పొయ్యి వెలిగించు” అనిరి.

మేము లేచి రెగ్యులేటరు తిప్పితిమి. పాలు, నీళ్లు, పొడి, పంచదార అన్నియు అల్యూమినియపు గిన్నెలో పోసి, పొంగు వచ్చువఱకు ఇద్దఱమును పొయ్యి యొద్దనే నిలిచి, గ్లాసులు తీసికొని అరుగుమీదికి పోయితిమి. వాన ఇంకను జల్లుగా పడుచునే యుండెను. పంచదార తక్కువైనదని ఆమె యనిరి.