ఆ కీచు చప్పుడు మీకూ వినిపిస్తోందా?

మావారి బండి మా వీధి మలుపు తిరిగిందని నాకెలా తెలిసేదో చెప్పనా? బ్రేకు కీచుమనేది. ఆ చప్పుడు వినగానే స్టవ్ మీద టీ నీళ్ళు పడేసేదాన్ని. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి టీ రెడీ! బొబ్బిలి మొత్తమ్మీద ఇంత టైముకి టీ ఇచ్చే ఇల్లాలు ఇంకెవరున్నారని నాలో నేనే మురిసిపోయేదాన్ని. బండి సంగతులు మగవాళ్ళవి, మనకెందుకులే అనుకునేవాళ్ళలో నేనూ ఒకదాన్ని మరి.

నిరుడు కార్తీకమాసంలో సునాబెడలో ఉన్న మా అప్ప ఇంటికి పాపతో సహా బండి మీదే వెళ్ళాం. రామభద్రపురం, సాలూరు దాటి, పి.కోనవలస దగ్గర ఘాట్ ఎక్కి, సుంకి మీదుగా వెళ్ళాలి. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. చిక్కంతా తిరిగొచ్చేటప్పుడే. పెట్రోలు కలిసొస్తుందని మావారు బండిని న్యూట్రల్లో వదిలేసి, కాలు వెనక బ్రేకు మీదే ఉంచి దిగుతున్నారు. కాసేపటికి మాడు వాసన. మన ముక్కుకి ముందు తెలుస్తుంది కదా, "ఏదో మాడుతోందండీ" అన్నాను. "లారీలదిలే" అన్నారు. తర్వాతి మలుపులో ఆయన భుజం బిగుసుకుపోవడం నా చేతికి తెలిసింది. బ్రేకు తొక్కుతున్నారు, బండి ఆగడం లేదు! ముందు బ్రేకు మెల్లమెల్లగా నొక్కి, గేర్లు తగ్గించి, ఎలాగో రోడ్డు పక్క మట్టిలోకి దింపి ఆపారు. పాపని గుండెకి హత్తుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు.

అక్కడ ఆగి ఉన్న సాలూరు లారీ డ్రైవరొకాయన మాకు మంచినీళ్ళిచ్చి, "ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగాల బాబూ. ఇంజనే బండిని పట్టుకుంటాది. ఒట్టి బ్రేకుని నమ్ముకుంటే కాలిపోద్ది" అన్నాడు. చక్రం బాగా చల్లారేదాకా ఆగి, రెండో గేరులో నెమ్మదిగా కిందికి దిగాం.

మర్నాడు మెకానిక్ వెనక చక్రం విప్పి చూపించాడు. బ్రేకు షూల మీద ఉండాల్సిన లైనింగు అరిగిపోయి, లోహం డ్రమ్ముని గీరేసింది. వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి వెళ్ళింది. పెడల్ లూజైనప్పుడల్లా మావారు వెనక నట్టు బిగించుకుంటూ వచ్చారట. వదులైన కుక్కర్ రబ్బరుని ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ వాడతామే, అలాగన్నమాట! నట్టు బిగిస్తే పెడల్ గట్టిపడుతుంది గానీ అరిగిన లైనింగు తిరిగొస్తుందా?

"అసలివి ఎన్నాళ్ళొస్తాయి బాబూ?" అనడిగాను. "చెప్పులెన్నాళ్ళొస్తాయమ్మా?" అన్నాడు నవ్వుతూ. నిజమే కదా! ఒకే కొట్లో కొన్న చెప్పులు మీకు ఏడాదొస్తే మీ తోడికోడలికి ఆర్నెల్లే రావచ్చు. నడకని బట్టి అరుగుదల. డిస్కు బ్రేకు ప్యాడ్లు కూడా ఒకరికి 10,000 కిలోమీటర్లకే అయిపోతాయి, ఇంకొకరికి 20,000 దాటినా ఉంటాయి. కాలు అస్తమానం పెడల్ మీద ఆనించడం, జోరుగా వెళ్ళి దగ్గరికొచ్చాక గట్టిగా తొక్కడం, బరువెక్కువ వెయ్యడం, వానాకాలం బురదా ఇసకా లోపలికి చేరడం... ఇవే తినేస్తాయి. చాలామంది పడిపోతామన్న భయంతో ముందు బ్రేకు ముట్టరు. నిజానికి బండిని ఎక్కువగా ఆపేది ముందుదే. రెండూ కలిపి, మెత్తగా వాడాలి. 2019 ఏప్రిల్ నుంచి వస్తున్న కొత్త చిన్న బళ్ళలో వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. మాలాంటి పాత బళ్ళవాళ్ళకి ఆ వీలు లేదు.

గుర్తుపట్టడం మనకీ కష్టం కాదు. చాలా బళ్ళకి వెనక డ్రమ్ము పక్కన చిన్న బాణం ఉంటుంది. బ్రేకు తొక్కి పట్టినప్పుడు అది గీత దాటితే షూలు మార్చాల్సిందే. డిస్కు ప్యాడ్ల మందం 2 మిల్లీమీటర్లకి వస్తే ఇక ఆగకూడదు. కీచుమంటే ఒక్కోసారి దుమ్మో తడో కావచ్చు, చూపిస్తే పోయేదేం లేదు. గరగరా గీరుతుంటే మాత్రం ఆ రోజే విప్పించాలి. చెయినుకి వేసే ఆయిలు బ్రేకుల మీద పడనివ్వకండి. కొత్తవి వేయించాక మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు గట్టిగా తొక్కొద్దని కూడా చెప్పాడు.

ఇప్పుడు మా బండి చప్పుడు చెయ్యకుండా వచ్చి ఆగుతోంది. మావారు గుమ్మంలోకొచ్చి "టీ ఏదోయ్?" అనేదాకా నాకు తెలియడం లేదు. టీ పావుగంట ఆలస్యమైతే ఏం? మనుషులు భద్రంగా ఇల్లు చేరుతున్నారు. మీ వీధి మలుపులో ఈ సాయంత్రం ఏం వినిపిస్తుందో కాస్త చెవి పెట్టి వింటారు కదూ!