రాట్నం, వీణ, మా అక్క కూతురు

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు వచ్చే చుట్టాలు అరసవల్లి సూర్యనారాయణమూర్తినీ, శ్రీకూర్మాన్నీ, పైడితల్లమ్మనీ దర్శించుకుని, పలాస జీడిపప్పు కొనుక్కుని రైలెక్కేస్తారు. ఈసారి నేను ఒక్క గుడికీ వెళ్ళకుండానే మూడు ఊళ్ళు తిరిగొచ్చాను. తిప్పింది మా అక్క కూతురు.

హైదరాబాదులో ఎనిమిదేళ్ళు సాఫ్ట్‌వేరు ఇంజనీరుగా చేసిన పిల్ల, సంక్రాంతి వెళ్ళగానే రాజీనామా ఇచ్చేసింది. విజయనగరం సంగీత కళాశాలలో చేరి వీణ నేర్చుకుంటుందట, తర్వాత పిల్లలకి పాఠాలు చెప్పుకుంటుందట. చిన్నప్పుడు సరదాకి నేర్చుకుని, ఉద్యోగంలో చేరాక ఆదివారాలు మాత్రమే ముట్టుకున్న వీణ! అక్క ఫోనులో ఏడవడం ఒక్కటే తక్కువ. "ఫ్లాటు అప్పు ఇంకా పదకొండేళ్ళుందే. నీ మాటంటే దానికి గురి. నువ్వే మళ్ళించు" అంది. పిల్ల ఎలాగూ మా ఇంటికే వచ్చింది కదా, తిరుగుతూ నెమ్మదిగా చెబుదామనుకున్నాను.

ముందు పొందూరు వెళ్ళాం. ఆమదాలవలసలో పాసింజరెక్కి దూసి దాటితే పొందూరే. అక్కినేని నాగేశ్వరరావుగారి పంచెలు ఇక్కడివేనని మా నాన్నగారు గొప్పగా చెప్పేవారు. గాంధీగారు ఈ బట్ట చూసి ఆశ్చర్యపోయి, ఎలా చేస్తున్నారో కనుక్కు రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పంపించారట. 1949లో పెట్టిన ఖాదీ సంఘం ఇప్పటికీ ఉంది.

మనం చీర చూసి మడత విప్పమంటామే గానీ, దాని వెనక ఎంత పనుందో చూస్తే నోట మాట రాదు. ఇక్కడి కొండపత్తిని ముందు చేత్తో ఏరి, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. అవునండీ, చేప దవడే! దాని సన్నటి పళ్ళు దువ్వెనలా పనిచేస్తాయి. ఆ దవడలు గోదావరి వైపు నుంచి వస్తాయట. దువ్విన పత్తి గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, నలగకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. ఆ తర్వాత కర్ర రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు నూలంటే వెంట్రుక పక్కన పెట్టి చూడాల్సిందే. ఇదంతా ఆడవాళ్ళ పనే.

రాట్నం తిప్పుతున్న ఒక ముసలమ్మ మా పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. ఉద్యోగం మానేసిందని నేనే నోరు జారాను. "అంత జీతం ఒగ్గీసి వచ్చీసినావేటే గుంటా!" అని బుగ్గ నొక్కుకుంది. చిలపల లెక్కన వచ్చే కూలి ఎంతో చెప్పింది. ఇక్కడ రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ఆమె కూతుళ్ళెవరూ రాట్నం ముట్టుకోరట. నేను అవకాశం దొరికింది కదా అని, "చూశావా, చేతిపని కడుపు నింపదు" అన్నాను. పిల్ల మారుమాట్లాడలేదు. ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది.

(పొందూరు చీర కొంటే మొదటిసారి ఉప్పు వేసిన చన్నీళ్ళలో నానబెట్టండి. పల్చటి గంజి పెట్టి నీడన ఆరేయండి.)

అక్కడి నుంచి రాజాం మీదుగా బస్సులో బొబ్బిలి. 1757 నాటి యుద్ధం వల్ల ఈ ఊరి పేరు పిల్లలకి కూడా తెలుసు. కానీ మేం వెళ్ళింది కోటకి కాదు, పక్కనున్న గొల్లపల్లికి. బొబ్బిలి వీణలు తయారయ్యేది అక్కడే. పనస కర్రతో చేస్తారు. మనకి పనస అంటే ఆవ పెట్టిన పనసపొట్టు కూరే గుర్తొస్తుంది. వాళ్ళకి కర్ర మీద వేలితో కొడితే పలికే చప్పుడు ముఖ్యం. కుండ, దండి అంతా ఒకే దుంగలో తొలిచిన దాన్ని ఏకాండి వీణ అంటారు. ఎక్కడా అతుకుండదు. ఇరవై నాలుగు మెట్లూ మైనంలో కూర్చాలి. మెట్టు ఒక్క పిసరు జరిగినా స్వరం తప్పుతుందట. నాకు తేడా తెలియలేదు గానీ, మా పిల్లకి తెలిసింది. కళ్ళు మూసుకుని, "మూడో తీగ మీద అయిదో మెట్టు ఒకసారి చూస్తారా?" అంది. చేసేవాయన చూసి, సూదిమొనంత జరిపి, ఆమెవైపు మళ్ళీ చూశాడు. అంతసేపూ 'పాపా' అన్న మనిషి, అప్పటినుంచి 'అమ్మగారూ' అన్నాడు.

మర్నాడు విజయనగరం. నా దగ్గర ఇంకొక అస్త్రం మిగిలుంది, నటుడు సత్యదేవ్. విశాఖపట్నం అబ్బాయి, ఈ ఊరి చింతలవలసలోని ఎం.వి.జి.ఆర్. కాలేజీలోనే ఇంజనీరింగు చదివాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకుంటూనే 2011లో 'మిస్టర్ పర్‌ఫెక్ట్'లో చిన్న వేషం వేశాడు. 2015లో 'జ్యోతిలక్ష్మి'లో పెద్ద వేషం దొరికాకే ఉద్యోగం వదిలాడు. 2020లో 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' ఇంట్లో అందరం కూర్చుని చూశాం. "అలా ఒక కాలు గట్టు మీద ఉంచి దిగొచ్చు కదే" అన్నాను.

"ఎనిమిదేళ్ళు అలాగే చేశాను పిన్నీ. రాత్రి పదింటికి మీటింగు అయ్యాక వీణ తీస్తే వేళ్ళు పలకవు, పక్క ఫ్లాటువాళ్ళు గోడ కొడతారు" అంది.

సంగీత కళాశాల కోటకి దగ్గర్లోనే ఉంది. మహారాజావారు 1919లో పెట్టించారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరదామని వస్తే, వాయులీనం విని ఏకంగా పంతులుగా వేశారు. ఘంటసాలవారు ఈ ఊళ్ళో మధూకరం ఎత్తుకుని తిని చదువుకున్నారు. పి. సుశీలగారూ ఇక్కడి విద్యార్థే. అందరూ ద్వారంవారు కాలేరు, ఆ మాట పైకే అన్నాను. మా పిల్ల నవ్వింది. "నాకు పంతులుద్యోగం ఇమ్మనడం లేదు, సీటిమ్మంటున్నాను" అంది.

సర్టిఫికెట్టు నాలుగేళ్ళు, ఆపైన డిప్లొమా రెండేళ్ళు. ఆరేళ్ళు! నాకు గుండె ఝల్లుమంది. చెట్టు కింద కూర్చుని నోటుబుక్కు తీసింది. ఫ్లాటు అద్దెకిస్తే వాయిదాలో సగం పైగా వస్తుంది. మిగతాదానికి మూడేళ్ళకి సరిపడా డబ్బు బ్యాంకులో విడిగా వేసుంది. ఆ తర్వాత ట్యూషన్లు, అవీ చాలకపోతే మళ్ళీ కంప్యూటరు పని. నెలనెలా పాలు, కూరల ఖర్చుతో సహా రాసుకుంది. ఇరవై అయిదేళ్ళుగా ఇంటి పద్దు రాస్తున్నదాన్ని, తప్పు పట్టాలనే చూశాను. గ్యాసు సిలిండరు ఒక్కటే మర్చిపోయింది.

పెళ్ళి మాట ఆ పద్దులో లేదు. అడిగితే, "అది అంకెల్లో రాదు పిన్నీ" అంది. అక్కకి అసలు బెంగ అదేనని నాకు తెలుసు.

రాత్రి అక్క ఫోను చేసింది. లెక్కంతా చదివి వినిపించి, "నాకైతే సబబుగానే ఉంది" అన్నాను. నిన్ను పంపిందెందుకు, నువ్వు చేసిందేమిటి అని ఫోను పెట్టేసింది. నాలుగు రోజులుగా మాటల్లేవు. గొల్లపల్లిలో ఏకాండి వీణకి బయానా ఇచ్చొచ్చాం. నెల దాటాక తెచ్చుకోవాలి. ఆ రోజుకి అక్కని కూడా రమ్మని ఉత్తరం రాశాను. ఫోనైతే మధ్యలో పెట్టేస్తుంది.