లోపించిన ఒక్క గోళీ

కర్మ సూక్ష్మమైనది, దాని ఫలం మాత్రం స్థూలంగానే గోచరిస్తుంది. ఆళ్లగడ్డలోని ఒక శిల్పశాలలో ఈ సత్యం ఒక యువకునికి అరచేతిలో ఇమిడే యంత్రభాగం ద్వారా బోధపడింది.

2022 వరకు కర్నూలు జిల్లాలో భాగమైన ఆళ్లగడ్డ దేవతామూర్తుల శిల్పానికి ప్రసిద్ధి. ఆ శాలలో ఉలితోపాటు సీఎన్‌సీ యంత్రమూ శిలను చెక్కుతుంది. కడప జిల్లాలోని ఒక గ్రామాలయానికి ద్వారబంధం చెక్కుతుండగా అది నిలిచిపోయింది. రాతిధూళి ప్రవేశించి బాల్ స్క్రూ నట్ బిగుసుకుంది. ప్రతిష్ఠాముహూర్తం సమీపిస్తోంది.

స్క్రూ గాడికీ నట్ లోపలి గాడికీ మధ్య ఉక్కు గోళీలు దొర్లుతాయి. అంతానికి చేరిన గోళీ ఒక చిన్న గొట్టం గుండా మళ్లీ ఆదికే వస్తుంది. సంసారచక్రానికి ఇది ప్రత్యక్షోపమానం. నట్‌ను విప్పేటప్పుడు స్క్రూ కొనకు తగిన వ్యాసం గల బోలు గొట్టాన్ని ఆనించి, దానిపైకి జరపాలి. లేనిచో గోళీలు రాలిపోతాయి. త్వరపడిన యువకుడు ఆ నియమాన్ని విస్మరించాడు. నేలపాలైన గోళీలను ఏరి, కిరోసిన్‌తో కడిగి లెక్కించగా ఒకటి తక్కువైంది. భయంతో పాత నట్‌లోని గోళీని తెచ్చి, గ్రీజుతో అతికించి, ఏమీ జరగనట్లు అన్నీ అమర్చాడు.

వృద్ధాచార్యుడు నట్‌ను చేతితో త్రిప్పాడు. తిరుగుతూ తిరుగుతూ ఒకచోట పట్టు తగిలింది.

"అబ్బీ, దీంట్లో పరాయిది ఏదో చేరింది."

యువకుడు తలవంచి సర్వమూ నివేదించాడు. ఆచార్యుడు కోపగించలేదు, మైక్రోమీటరుతో కొలిపించాడు. ఆ గోళీ తక్కినవాటికన్న 0.02 మిల్లీమీటర్లు పెద్దది.

"ఒకటి తక్కువైతే నడుస్తాది. ఒకటి పెద్దదైతే నడవదు," అన్నాడాయన.

పెద్ద గోళీ భారమంతా తనపైనే వేసుకొని గాడిని గాయపరుస్తుంది. ఒకటి లోపిస్తే మిగిలినవి భారాన్ని సమంగా పంచుకుంటాయి. పైగా వలయంలో కొంత అవకాశం ఉంటేనే గోళీలు పరస్పరం ఒరుసుకోక స్వేచ్ఛగా దొర్లుతాయి.

యువకుడు మళ్లీ విప్పాడు. ఈసారి గొట్టాన్ని ఆనించాడు. ఒక్కొక్క గోళీని తుడిచి, కొలిచి అమర్చాడు. నట్ నిశ్శబ్దంగా సాగింది.

సర్వభూతాలను యంత్రారూఢములవలె ఈశ్వరుడు త్రిప్పుతున్నాడని గీత పద్దెనిమిదవ అధ్యాయం చెబుతుంది. ఆ భ్రమణంలో జీవుని లోపం అడ్డుకాదు. లోపాన్ని కప్పిపుచ్చడానికి తెచ్చిపెట్టుకున్న అహంకారమే అడ్డు. దానిని వెలికితీసిన నాడే గమనం సుగమమవుతుంది.

ఓం తత్సత్.