ఒకటి కొంటే రెండు కొనాలి

మేమిద్దరం కువైట్‌కు వచ్చి ఆరేళ్ళు కావస్తున్నది. మాలో ఒకరు యజమాని ఇంటి కారు నడుపుతారు, మరొకరు అదే ఇంట్లో వంట పని చూస్తారు. ఈ ఆరేళ్ళూ మా ఇద్దరికీ కలిపి ఒక్క బటన్ల ఫోనే ఉన్నది. పగలు అది కారులో ఉంటుంది, రాత్రి గదిలో. ఈ సంగతి తెలిసినవారు మొదట నవ్వుతారు, తరువాత జాలిపడతారు. జుమా రోజున మాలియాలో కలిసే మన రాయలసీమ వారైతే "ఇంత పిసినారితనం దేనికి?" అని ముఖం మీదే అడుగుతారు.

మొదట్లో అది పొదుపే. అగళిలో ఇంటి మీదున్న అప్పు తీరేదాకా మరో ఖర్చు పెట్టుకోకూడదనుకున్నాము. అల్‌హమ్దులిల్లాహ్, అప్పు తీరి రెండేళ్ళయింది. ఫోను మాత్రం కొనలేదు. అందులో కొంత అలవాటు ఉన్నది, కొంత గర్వమూ ఉన్నదని ఒప్పుకోవాలి. ఇక్కడి చిరునామాలు ప్రాంతం, బ్లాకు, వీధి, ఇంటి నంబరు అనే వరుసలో ఉంటాయి. అవి కంఠస్థమైతే మ్యాపు అక్కరలేదు. యజమానురాలు లొకేషన్ పంపుతానన్నప్పుడల్లా "మామా, నోటితో చెప్పండి చాలు" అని గొప్పగా అనేవాళ్ళము.

ఆ గొప్ప ఇప్పుడు నిలిచేలా లేదు. 2021లో ప్రభుత్వం సహల్ యాప్ తెచ్చిన తరువాత ఒక్కొక్క పనీ అందులోకి చేరుతూ వచ్చింది. ప్రవాసులందరూ 2024 డిసెంబరు 31లోగా బయోమెట్రిక్ వేలిముద్రలు ఇవ్వాలన్నప్పుడు, అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి పరాయివారి ఫోను అడగవలసి వచ్చింది.

అంతకన్నా మదీనాలో జరిగినది మనసును కలచివేసింది. బస్సులో ఉమ్రాకు వెళ్ళాము. మస్జిదె నబవీలో రియాజుల్ జన్నాలో నమాజు చేయాలంటే నుసుక్ యాప్‌లో ముందుగా సమయం తీసుకోవాలి. తోటివారు ఎవరి ఫోనులో వారు తీసుకున్నారు. మా ఇద్దరి సంగతి ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్నాము. ఎవరూ చూడలేదు, మేమూ నోరు తెరచి అడగలేదు. దైవప్రవక్త (స) మస్జిదులోనే ఉండి కూడా ఆ చోటికి వెలుపల నిలబడి దుఆ చేసుకొని వచ్చాము. తప్పు మాదే.

అయినా ఎందుకు వెనుకాడుతున్నామంటే, అందరూ చెప్పే మాట ఒకటి ఉన్నది: "ఫోను కొనండి, పిల్లల ముఖాలు చూసుకోవచ్చు." చిక్కు అక్కడే. ఇక్కడ ముఖం కనబడాలంటే అక్కడా అటువంటి ఫోనే ఉండాలి. ఒకటి కొంటే రెండు కొనాలి. అగళిలో మా ఇంట్లో ఉన్నది దాదీ, పదకొండేళ్ళ బాబు, ఎనిమిదేళ్ళ పాప. దాదీకి పచ్చ బటన్ నొక్కడం, ఎర్ర బటన్ నొక్కడం తప్ప మరేమీ తెలియదు. దాదీ పేరుతో ఇంట్లోకి వచ్చే ఫోను ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పాలా?

మా వీధిలోనే ఒక ఇల్లు ఉన్నది. తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు. తల్లికని పంపిన ఫోను కొడుకుకు చేరింది. ఫజ్ర్ తరువాత మక్తబ్‌కు అందరికంటే ముందు వచ్చే పిల్లవాడు ఇప్పుడు ఆ వేళకు నిద్రలో ఉంటాడు. ఆ తల్లి అందరితో చెప్పుకొని బాధపడుతుంది. రీచార్జి డబ్బు పంపేది మాత్రం ఆ తండ్రే. అతడిని తప్పుపట్టే అర్హత మాకు లేదు. దూరాన ఉన్న తండ్రికి కాదనే ధైర్యం ఎక్కడిది?

మాకిప్పుడు ఉన్నది శుక్రవారం ఫోను. ఇక్కడ సాయంత్రం ఆరు గంటలంటే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఇషా అయ్యాక దాదీ ఫోను స్పీకరులో పెట్టి నడిమింట్లో కూర్చుంటుంది. బాబు ఆ వారం నేర్చిన సూరా వినిపిస్తాడు. కనబడడు గనుక మేము వినడం తప్ప మరేమీ చేయలేము. ఎక్కడ ఊపిరి తడబడిందో, ఎక్కడ దాదీ అందించిందో తెలిసిపోతుంది. పాప సంగతి వేరు. పోయిన నెల ముందు పళ్ళు రెండు ఊడాయట. "చూడు అమ్మీ" అని ఫోనును నోటికి దగ్గరగా పెట్టింది. మాకు ఊపిరి శబ్దం మాత్రమే వినబడింది. ఆ రాత్రి మేమిద్దరం సరిగా భోజనం చేయలేదు.

మాలో ఒకరి మామూ 1980లలో ఇక్కడే పనిచేశారు. ఆయన తన మాటలు క్యాసెట్టులో రికార్డు చేసి, ఊరికి వచ్చేవారి చేత పంపేవారు. ఇంటిల్లిపాదీ టేపురికార్డరు చుట్టూ చేరి వినేవారట. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చాక ఆయన కబురే లేదు. నానీ పాత క్యాసెట్టునే మళ్ళీ మళ్ళీ పెట్టించుకునేదట. అమ్మాన్ నుంచి విమానాల్లో దేశానికి చేరిన సుమారు 1,70,000 మందిలో మామూ ఒకరు. మా ఆలోచన చెప్పగానే ఆయనకు కోపం వచ్చింది. "కబురు తెలియకపోవడమంటే ఏమిటో మీకు తెలియదు. కొనండి" అన్నారు.

ఇస్తిఖారా చేసుకొని ఒక నిర్ణయానికి వచ్చాము. ఇక్కడ ఒకటి కొంటాము, అగళి ఇంటికి కొనము. రెండు వీధుల అవతల చాచా ఇంట్లో ఫోను ఉన్నది. నెలకొక శుక్రవారం దాదీ పిల్లలను అక్కడికి తీసుకుపోతుంది, పెద్దల ఎదుట, హాలులో మాట్లాడతారు. సూరా మాత్రం పాత ఫోనులోనే వింటాము. ఇక మా సంగతి. పని ముగిసి గదికి చేరేసరికి పదకొండు దాటుతుంది. ఆ వేళ చేతిలో తెర ఉంటే ఫజ్ర్‌కు లేవగలమా అన్న భయం మాకూ ఉన్నది. అందుకని రాత్రి దానిని వంటగదిలో పెట్టి రావాలని అనుకున్నాము. ఎన్నాళ్ళు సాగుతుందో అల్లాహ్‌కే ఎరుక.

పోయిన శుక్రవారం ఈ మాట ఇంటికి చెప్పాము. చాచా ఇంటికి వెళ్ళేటప్పుడు ఏ చీర కట్టుకోవాలని దాదీ అడిగింది. పాప తన కొత్త పళ్ళు అప్పటికి సగం వస్తాయన్నది. బాబు కొంచెంసేపు ఊరుకుని, "అబ్బా, సెలవుకు వచ్చేటప్పుడు ఆ ఫోను మీతో తెస్తారా?" అని అడిగాడు.

ఇన్షాఅల్లాహ్, రంజాన్‌కు మా సెలవు.