శేషం పదహారు

ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ దగ్గర రైలు సాగిపోతుంటే పెట్టెలు లెక్కపెట్టని పిల్లలు అరుదు. మరి ఆ పిల్లలకే బడిలో భాగహారం ఎందుకు బరువవుతుంది? గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో సుమారు నాలుగో వంతుకే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం వచ్చని 2022 అసర్ సర్వే చెప్పింది. ఖరగ్‌పూర్ పల్లె కాదు, నిజమే. అయినా ఐఐటీ పక్కనున్నంత మాత్రాన లెక్కలు అబ్బవు కదా! ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్ల పైచిలుకు. పెట్టె పొడవు దాదాపు 24. భాగిస్తే 44, శేషం 16. నోటుపుస్తకంలో ఆ పదహారు ఉత్త సంఖ్య. ప్లాట్‌ఫారం మీద మాత్రం మరో పెట్టెకు చాలని జాగా. అక్కడ చూసిన పిల్లకు శేషం భాజకం కన్నా ఎందుకు చిన్నదో వేరే చెప్పక్కర్లేదు.

ఎక్కాలు వల్లె వేయిస్తే చాలదా అంటారు పెద్దలు. ఎక్కాలు కావాలి, ఇరవై నాలుగో ఎక్కం తడబడితే పై లెక్క సగంలోనే ఆగుతుంది. వాటితో చేసే పని చూపించకపోవడమే చిక్కు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు; ఇక్కడ బెంగాల్లో పెరిగే తెలుగు పిల్లలకు ఆ లెక్క ఇంటి మాటలోనూ ఒకసారి వినబడాలి. సిలబస్ సాగదంటారా? అర్థంకాని పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పడానికి పట్టే కాలం ఇంకా ఎక్కువ. పంతుళ్ళూ, వారానికో పీరియడు పిల్లల చేతికి టేపు ఇచ్చి కొలవనివ్వండి.