చెయ్యి పట్టి, చెయ్యి వదిలి

పలక మీద అమ్మో నాన్నో పెద్దగా ఒక అక్షరం రాసి ఇస్తే, బలపంతో దాని మీదే మళ్ళీ మళ్ళీ దిద్దడం తెలుగు ఇళ్ళలో చదువుకు తొలి మెట్టు. దిద్దేకొద్దీ అక్షరం లావెక్కుతుంది. అంచులు చెదురుతాయి. ఒళ్ళోకి తెల్లటి పొడి రాలుతుంది. పాపాయి నాలుక కొస పెదవుల మధ్య నుంచి బయటికి వస్తుంది, చెయ్యి ఎటు తిరిగితే అది కూడా అటే తిరుగుతుంది. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది గానీ, ఆ పసివేళ్ళకు అది చాలా కష్టమైన పని. కంటితో గీతను వెతకాలి, వేళ్ళతో బలపాన్ని బిగించి పట్టాలి, వంపు వెంట మణికట్టును తిప్పాలి. పైగా ఐదారేళ్ళ పిల్లల మణికట్టులో ఎముకలు ఇంకా పూర్తిగా తయారై ఉండవు. అందుకే దిద్దించేవాళ్ళకు మొదట కావలసింది ఓపిక.

అక్షరాభ్యాసం నాడు బియ్యం పోసిన పళ్ళెంలో పిల్లల చూపుడువేలు పట్టుకుని ఓనమాలు రాయిస్తాం. వసంత పంచమికి చాలామంది బాసర సరస్వతి గుడికి వెళ్ళేది అందుకే. దాన్ని మనం వేడుకగానే చూస్తున్నాం గానీ అందులో మంచి బోధన పద్ధతి కూడా ఉంది. గింజల గరుకు వేలికి తగులుతుంది. తప్పు వస్తే అరచేత్తో సర్దితే చాలు, తప్పు తాలూకు ఆనవాలే మిగలదు.

వెనకటి వీధిబడుల్లో ఈ పని ఇసుకలో జరిగేది. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్, తెలుగు వ్యాకరణమూ నిఘంటువూ తయారు చేసిన ఆయనే, తన జిల్లా బడుల గురించి 1823లో ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ఇక్కడి పిల్లలు యూరప్ పిల్లల్లా అక్షరమాల వల్లించి కాక, ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు నేర్చుకుంటారని అందులో రాశాడు. వేలు బాగా తిరిగాకే తాటాకూ గంటమూ చేతికి వచ్చేవి. అంతకు ముందే మద్రాసులో ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఒక స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. తాను నడిపే అనాథ బాలుర బడిలో ఆ పద్ధతి ప్రవేశపెట్టి, దాని మీద 1797లో లండన్‌లో పుస్తకం అచ్చు వేయించాడు. అలా మన ఇసుక చదువు ఇంగ్లండు బడుల దాకా వెళ్ళింది.

1907లో రోమ్‌లో పసిపిల్లల బడి తెరిచిన మరియా మాంటిస్సోరి కూడా వేలితోనే అక్షరాలు నేర్పడానికి గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టల మీద అతికించింది. పిల్లలు రెండు వేళ్ళతో అక్షరాన్ని రాసే దారిలోనే తడుముతారు, టీచరు దాని ధ్వని పలుకుతుంది. ఒకే అక్షరాన్ని కన్ను, చెవి, వేలు ఒకేసారి పట్టుకోవడమే అందులోని కిటుకు. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది కూడా.

ఇప్పుడు మన పిల్లలకు బడిలో తొలి రాత ఎల్‌కేజీలో స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్‌లతో మొదలవుతోంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకు అది సరిపోతుంది. తెలుగు రాతకు సరిపోదు. మన అక్షరాలన్నీ వంపులు, చుట్లు, కొక్కేలు. కాబట్టి తెలుగు రాయబోయే చేతికి ముందుగా సున్నలు, అర్ధచంద్రాలు అలవాటు చేయాలి. నేల మీద సుద్దముక్కతో పెద్ద సున్న గీసి దాని మీద చింతపిక్కలు పేర్చమంటే పిల్లలు విసుగులేకుండా పేరుస్తారు. వేళ్ళు కూడా గట్టిపడతాయి.

వల్లించడానికి 'అ ఆ'ల వరస బాగుంటుంది గానీ, రాయించడానికి పోలికల వరస మేలు. సున్న చుట్టి తలకట్టు పెడితే 'ర'. పొట్టలో చుక్క పెడితే 'ఠ'. 'ద' వచ్చిన చేతికి 'ధ', 'థ' ఎంతో దూరం కాదు. 'వ' తరవాత 'మ' నేర్పితే, ఆ చివర కొమ్ము ఎలా లేస్తుందో పిల్లలే గమనిస్తారు. 'మ'కూ 'వు'కూ తేడా చాలామంది పిల్లలకు తికమక పెడుతుంది. 'మ'లో కొమ్ము అక్షరం పక్కనే పైకి లేస్తుంది, 'వు'లో అడుగు నుంచి వస్తుంది. ఈ తేడా నోటితో వంద మాటల్లో చెప్పేకన్నా, వేలు పట్టి రెండింటినీ ఒకసారి తిప్పిస్తే తెలిసిపోతుంది.

బజారులో దొరికే చుక్కల అక్షరాల పుస్తకాలతో ఒక చిక్కుంది. పాప చుక్కలు కలిపింది. అక్షరం ముద్దుగా వచ్చింది, టీచరు టిక్కు పెట్టింది. కానీ ఆ పాప కింది నుంచి పైకి గీసిందో, మధ్యలో మూడుసార్లు చెయ్యెత్తిందో, ముందే తలకట్టు పెట్టి తరవాత సున్న చుట్టిందో కాగితం చెప్పదు. ఆ తీరు అలాగే స్థిరపడితే పైతరగతుల్లో రాత వేగం అందుకోదు, వేళ్ళు నొప్పి పుడతాయి. పూర్తయిన పేజీని చూసి లాభం లేదు. రాస్తున్న చేతిని చూడాలి. పలకకైనా ట్యాబ్ తెరకైనా ఇదే సూత్రం.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీకి చెందిన పరిశోధకురాలు కారిన్ జేమ్స్, ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లలతో కొన్ని అక్షరాలు చూపించి సొంతంగా రాయించింది, కొన్ని దిద్దించింది, కొన్ని టైపు చేయించింది. తరవాత స్కానర్‌లో వాళ్ళకు ఆ అక్షరాలు చూపించింది. చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకు చురుగ్గా స్పందించాయి. దిద్దినవాటికీ టైపు చేసినవాటికీ అంతగా స్పందించలేదు. 2012లో వచ్చిన ఈ ఫలితానికి ఆవిడ చెప్పిన కారణం ఆలోచింపజేస్తుంది. పిల్లలు సొంతంగా రాసినప్పుడు అక్షరం ఒకసారి పొట్టిగా, ఒకసారి ఏటవాలుగా, ఒకసారి బొద్దుగా వస్తుంది. ఇన్ని రూపాల్లో ఉన్నా అది ఆ అక్షరమే అని మెదడు గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

అంటే మనం కోప్పడి చెరిపించే ఆ వంకర అక్షరంలోనే చదువు ఉందన్నమాట. దిద్దించడం తప్పు కాదు. ఎటు మొదలుపెట్టి ఎటు తిరగాలో చేతికి చెప్పడానికి అది మంచి మార్గమే. అయితే దారి తెలిశాక కూడా నాలుగు పేజీలు దిద్దుకు రమ్మని హోంవర్కు ఇవ్వడం పిల్లల చేతిని అక్కడే కట్టేయడం. పలక గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. రెండుసార్లు దిద్దించి తడిగుడ్డతో తుడిచేయవచ్చు. ఖాళీ పలక చేతికిచ్చి, "ఇప్పుడు నువ్వు రాయి నాన్నా" అనవచ్చు.

ఇంట్లో చిన్నపిల్లలున్న అమ్మానాన్నలకు, అమ్మమ్మలకు, తాతయ్యలకు నా మనవి ఇదే. రోజుకు ఒక్క అక్షరం చాలు, పది నిమిషాలు చాలు. పిల్లల పక్కనే కూర్చోండి. అక్షరం పలుకుతూ వేలు పట్టి తిప్పించండి, ఒకటి రెండుసార్లు దిద్దనివ్వండి. తరవాత తుడిచేసి, చెయ్యి వదిలేయండి. వచ్చిన అక్షరం వంకరగా ఉన్నా మెచ్చుకోండి. అది వాళ్ళు సొంతంగా రాసిన మొదటి అక్షరం.