కంచె అవతలి ప్రేక్షకులు

పిల్లలూ! ఊళ్ళో ఆటల పందెం జరిగితే గోడలెక్కీ, చెట్లెక్కీ, లారీల మీద నిలబడీ చూసేవాళ్ళు ఉంటారు. అలా బండి ఎక్కి ఆట చూసినవాళ్ళ మూలంగా పేరు పొందిన ఆటస్థలం ఒకటి అమెరికాలో ఉన్నది.

అమెరికాకు దక్షిణాన మిసిసిపీ రాష్ట్రంలో స్టార్క్‌విల్ అనే చిన్న పట్నం ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం సుమారు 24,000. ఆ పట్నంలోనే మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ ఉన్నది. 1878లో అది వ్యవసాయమూ, యంత్రవిద్యా నేర్పే కాలేజీగా పుట్టింది. ఆ కాలేజీ పిల్లలు బేస్‌బాల్ ఆడే మైదానం పేరు డూడీ నోబుల్ ఫీల్డ్. పూర్వం అక్కడ చాలా ఏళ్ళు ఆట నేర్పిన గురువు పేరే దానికి పెట్టారు.

బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం. జట్టుకు తొమ్మిదిమంది. బంతి నేలను తాకకుండా నేరుగా బ్యాటు దగ్గరికి వస్తుంది. బ్యాటు బల్లపరుపుగా ఉండదు, రోకలిలాగా గుండ్రంగా ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు మజిలీలు. ఒకదానికీ మరొకదానికీ దూరం 90 అడుగులు. ఆ నాలుగూ చుట్టి బయలుదేరిన చోటికి తిరిగి వస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటయితే అవతలి జట్టు వంతు వస్తుంది. ఇలా తొమ్మిది వంతులు సాగుతుంది ఆట. బంతి కంచె దాటిపోతే అది ‘హోమ్ రన్’.

ఈ మైదానంలో ఎడమవైపు కంచె అవతల ఖాళీస్థలం ఉండేది. 1960ల చివరలో కొందరు తమ ట్రక్కులను వెనక్కు నడిపి, కంచెకు ఆనించి, వాటి మీద కుర్చీలు వేసుకుని ఆట చూడసాగారు. టిక్కెట్టు కొని బుద్ధిగా కూర్చోవటం కంటే ఇదే బాగున్నదనిపించింది వాళ్ళకు. క్రమంగా బండ్ల సంఖ్య పెరిగింది. పాత ట్రక్కుల మీద చెక్కలతో మెట్లుమెట్లుగా బల్లలు కట్టారు. పొయ్యిలు తెచ్చి మాంసం కాల్చారు, రొయ్యలవంటి క్రాఫిష్‌లను గంగాళాలలో ఉడికించారు. ఆ చోటికి ‘లెఫ్ట్ ఫీల్డ్ లౌంజ్’ అని పేరు వచ్చింది. లౌంజ్ అంటే తీరికగా కూర్చునే గది. గోడలు లేని ఆ గదికి ఆకాశమే కప్పు!

అక్కడ కూర్చుంటే ఒక వింత తెలుస్తుంది. కాలేజీ ఆటలో బ్యాటు లోహంతో చేసినది. బంతి తగిలితే ‘టింగ్’మని మోగుతుంది. కాని కంచె దగ్గరివాళ్ళకు ముందు దెబ్బ కనిపిస్తుంది, చప్పుడు ఆ తరువాత వినిపిస్తుంది. ఎందుకంటే బ్యాటు కనీసం నూరు మీటర్ల దూరాన ఉంటుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనక, దానికి సెకనులో మూడోవంతు కాలం పడుతుంది. ఉరుముకు ముందు మెరుపు కనిపించటం కూడా ఇందువల్లనే.

లౌంజ్‌లోని వాళ్ళు అవతలి జట్టువాళ్ళను గట్టిగా ఆటపట్టిస్తారు. కాని అవతలి ఊరి నుంచి వచ్చిన ప్రేక్షకుడు పొయ్యి పక్కగా వెళితే పిలిచి పళ్ళెం చేతికిస్తారు. అరుపు ఆటవరకే, అన్నం అందరికీ!

2019 నాటికి ఆ మైదానాన్ని కొత్తగా కట్టటం పూర్తయింది. తుప్పు పట్టిన ట్రక్కులు పోయాయి. వాటి స్థానంలో ఉక్కుతో కట్టిన వేదికలు వచ్చాయి. పొయ్యిలు మాత్రం పోలేదు. తాతలు కూర్చున్న వైపునే మనమలు కూర్చుంటున్నారు. 2023 ఏప్రిల్ 15న, అదే రాష్ట్రంలోని పోటీ విశ్వవిద్యాలయం ‘ఓల్ మిస్’తో ఆట జరిగినప్పుడు 16,423 మంది వచ్చారు. పట్నం జనాభాతో పోల్చి చూడండి, దాదాపు మూడింట రెండు వంతులు!

ఇంతమంది అభిమానులున్నా ఈ కాలేజీకి చాలాకాలం ఒక వెలితి ఉండేది. అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ విజేతను ఏటా ఒమాహా నగరంలో తేలుస్తారు. ఈ జట్టు మొదటిసారి 1971లో అక్కడికి వెళ్ళింది. 1985లో విల్ క్లార్క్, రఫాయెల్ పల్‌మేరో వంటి మేటి ఆటగాళ్ళున్నా గెలవలేదు. 2013లో ఆఖరి పోటీదాకా వచ్చి ఓడింది. 2020లో కరోనా వల్ల ఆటలే నిలిచిపోయాయి.

2021లో జట్టు మళ్ళీ ఆఖరి పోటీకి చేరింది. స్టార్క్‌విల్ నుంచి ఒమాహా వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. అయినా వేలమంది వెళ్ళారు. మూడు ఆటలలో రెండు గెలవాలి. వాండర్‌బిల్ట్ జట్టుతో మొదటి ఆట 8–2తో పోయింది. రెండోది 13–2తో దక్కింది. జూన్ 30న మూడో ఆట. అందులో వాండర్‌బిల్ట్‌కు ఒక్క పరుగైనా ఇవ్వకుండా 9–0తో గెలిచారు! ఏ ఆటలోనైనా ఆ కాలేజీ జట్టుకు వచ్చిన మొట్టమొదటి జాతీయ విజయం అదే.

మొదటి ప్రయాణం నుంచి లెక్కిస్తే సరిగ్గా యాభై ఏళ్ళు. కుర్రతనంలో ట్రక్కు మీద కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. గెలిచే జట్టుకు చప్పట్లు కొట్టటం ఎవరికైనా చేతనవును. ఓడిన ఏడు కూడా మరుసటి వసంతంలో పొయ్యి వెలిగించి కంచె దగ్గర కూర్చున్నవాళ్ళకు కూడా ఆ విజయంలో వాటా ఉన్నది కదూ!